వీపుల మావయ్య

మావయ్యకి ఓడల ముఖం అంటే పడదు.

రేవు ముఖద్వారం పక్కన సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళగోడ ఒకటుంది. ఓడల పిచ్చి ఉన్నవాళ్ళంతా అక్కడ చేరతారు. దూరాన ఓ సరుకు ఓడ చుక్కలా కనిపించగానే అందరూ కెమెరాలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, కాస్త తోస్తే నీళ్ళలో పడేంతగా ముందుకు వంగుతారు. మావయ్య మాత్రం ఆ ఓడకి వీపు పెట్టి కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటాడు. వచ్చే ఓడలతో ఆయనకి మాటల్లేవు. అదే ఓడ సరుకు దింపుకుని, కొత్త సరుకు ఎక్కించుకుని, మళ్ళీ బయటికి పోతూ గోడ దాటిందా, అప్పుడు లేస్తాడు. ఒళ్ళో పొట్టు దులుపుకుంటాడు. కెమెరా కంటికి ఆనించి, ఆ ఓడ వెనకభాగం గోరంతై, చుక్కై, మాయమయ్యేదాకా నొక్కుతూనే ఉంటాడు. ఇంట్లో ఆయన తీసిన ఫొటోలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఒక్క ఓడకీ ముక్కూ మొహం లేవు.

అందుకే గోడ మీద ఆయనకి వీపుల మావయ్య అని పేరు. నిజానికి ఆయన మావయ్య ఒక్క మేనల్లుడికే. ఆ మేనల్లుడు ఓసారి గోడ మీద అందరి ముందూ "మావయ్యా, ఇంటికి రా, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసిన పాపానికి, ఆ రోజు నుంచి ఆయన లోకానికంతటికీ మావయ్య అయిపోయాడు. వయసులో తనకంటే పెద్దవాడైన పళ్ళ డాక్టరు కూడా మావయ్యగారూ అనే పిలుస్తాడు.

ఈ పళ్ళ డాక్టరుది సరిగ్గా ఎదురు పిచ్చి. ఓడని ముందు నుంచి తప్ప తీయడు. అది ముక్కు చీల్చుకుంటూ వస్తుంటే ఆయన కళ్ళు మెరుస్తాయి. ఓడ పక్కకి తిరిగిందంటే చాలు, కెమెరా మూత బిగించేస్తాడు. కాబట్టి గోడ మీద ఒకరి పని అయ్యాకే ఇంకొకరి పని మొదలవుతుంది. మధ్యలో ఖాళీగా ఉన్న టైమంతా పోట్లాట.

"ముఖం చూడకుండా ఫొటో ఏమిటండీ మావయ్యగారూ? నేను మనిషి నోరు తెరిచాకే ఏదైనా చెబుతాను."

"మీ దగ్గరికొచ్చినవాడు నోరు తెరుస్తాడు. నా దగ్గరికొచ్చినవాడు వెనక్కి తిరుగుతాడు. ఎవరి అలవాటు వాళ్ళది."

"ఓడ అందమంతా ముక్కులో ఉందండీ!"

"నలుగురూ చూస్తారని దానికి రంగేసి పంపిస్తారు డాక్టరుగారూ. వెనక చూడండి. దాని పేరుంది, ఊరుంది, తుప్పుంది, తాడు మీద ఆరేసిన బట్టలున్నాయి. ఇంటి గుట్టంతా అక్కడే ఉంటే మీరు వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు."

మావయ్య ఒంట్లో ఓపికున్నంతకాలం దర్జీ పని చేశాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళ వీపులు ఆయనకి కంఠతా వచ్చు. దుకాణంలో చొక్కా తొడిగి చూసుకునేవాడు అద్దంలో ముందుభాగం చూసుకుని మురిసిపోతుంటే, మావయ్య వాడి భుజం పట్టుకుని "వెనక్కి తిరగండి" అనేవాడు. అక్కడ ఓ గుండుసూది, ఇక్కడ ఓ సుద్దగీత. "ముందు సంగతి వాళ్ళు అద్దంలో చూసుకుంటార్రా. వెనక సంగతి ఎవరో ఒకరు చూసిపెట్టాలి కదా" అని మేనల్లుడికి చెప్పేవాడు. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కడం మానేశాక, దుకాణం మూసి మేనల్లుడి ఇంటికి వచ్చేశాడు. కుట్టుమిషను కూడా తెచ్చుకున్నాడు. దాని మీద ఇప్పుడు కెమెరా ఉంటుంది. సూది కనిపించని కళ్ళకి సముద్రం మధ్యలో ఓడ మీద ఆరేసిన చొక్కా ఎలా కనిపిస్తుందో దేవుడికే తెలియాలి.

"ఆ నీలం చొక్కా చూశావుట్రా? చంక దగ్గర చిరిగితే ఎవడో పాపం తెల్లదారంతో కుట్టుకున్నాడు. అదీ గొలుసుకుట్టు! చంక దగ్గర గొలుసుకుట్టు ఆగుతుందా? ఓడ ఆపి చెప్పేవాళ్ళు లేకపోయారు."

ఇంకో అలవాటు కూడా ఉంది. రేవు వదిలేటప్పుడు ఓడ పొడుగ్గా ఓ కూత పెడుతుంది. అది వినగానే మావయ్య రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మెడ నరాలు తేలేలా "బూ......" అని జవాబిస్తాడు. పళ్ళ డాక్టరు చెవులు మూసుకుంటాడు. రాళ్ళ మీద పిట్టలు లేచిపోతాయి. ఇదేం పనండీ అని ఎవరైనా అడిగితే "వెళ్ళొస్తానని చెప్తోంది కదండీ, మంచిది అనద్దూ?" అంటాడు.

ఓడల దాకా అయితే ఎవరికీ బాధ లేకపోను. ఈ పిచ్చి ఇంట్లోవాళ్ళ మీదికి కూడా పాకింది.

మేనల్లుడి పెళ్ళికి ఫొటోలు తీసే బాధ్యత తనదే అన్నాడు మావయ్య. ఇప్పటికీ ముందుగదిలో ఆ దంపతుల పెళ్ళిఫొటో వేలాడుతుంటుంది. అందులో రెండు వీపులు. పెళ్ళికొడుకు కొత్త చొక్కా కాలరు మీద దుకాణం చీటీ అలాగే ఉంది. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు ఆ ఫొటో ముందు నిలబడి, ఎటు నుంచి చూడాలో తెలియక తల అటూ ఇటూ వంచుతారు. ఒకాయనైతే ఫ్రేము తిప్పి అవతలి వైపు కూడా చూశాడు.

"ఇది... ఎవరండీ?"

"మేమేనండీ" అంటుంది మేనల్లుడి భార్య, రేవు కంట్రోల్ రూములో ఓడలతో మాట్లాడే ప్రశాంతమైన గొంతుతోనే. ఆవిడ ఉద్యోగమే అది. ఎంత పెద్ద ఓడ దారి తప్పబోతున్నా ఆవిడ గొంతు పెరగదు. పైగా ఆ ఫొటో ఆవిడకి ఇష్టం. జాగ్రత్తగా చూస్తే, వీపుల వెనక పెళ్ళికూతురు చెయ్యి పెళ్ళికొడుకు చిటికెన వేలు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ రోజు అతనికి చెయ్యి వణికింది. ముందు నిలబడి చూసిన జనమెవరికీ ఆ సంగతి తెలియదు.

ఒకసారి మేనల్లుడి మేనేజరు ఇంటికొచ్చి, కాఫీ తాగి, నాలుగు పెద్ద మాటలు చెప్పి బయల్దేరాడు. మావయ్య అలవాటు ప్రకారం గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనకభాగాన్ని పరీక్షగా చూసి, "బాబూ, ప్యాంటుకి నడిమి కుట్టు వదిలిందండీ. ఇంకో రెండు మెట్లు దిగితే పూర్తిగా పోతుంది" అన్నాడు. మేనేజరు ఆ మెట్లు వెనక్కి వెనక్కి దిగాడు. ఆ తరవాత చాలాకాలం పాటు ఆఫీసులో మేనల్లుడు కనబడితే గోడకి ఆనుకుని నిలబడేవాడు.

ఇక మేనల్లుడి సంగతి. అతను రసాయనశాస్త్రం చదివి, ఓడలకి వేసే రంగులు తయారుచేసే కంపెనీ ల్యాబులో పనిచేస్తాడు. రంగు పూసిన ఇనప పలకల్ని ఉప్పుగాలి పెట్టెలో పెట్టి, ఎప్పుడు తుప్పు పడుతుందా అని ఎదురుచూడటం అతని పని. ఆ పనంటే అతనికి ప్రాణం. పెళ్ళానికి చెప్పలేదు గానీ కొన్ని పలకలకి ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నాడు. అలాంటివాడికి కొడుకు పుట్టాడు. ఎప్పుడు ఏం పాడవుతుందా అని ఎదురుచూసే చదువు కదా, మనిషికి కంటి మీద కునుకు కరువైంది.

బుడ్డోడి స్నానం నీళ్ళలో ల్యాబు థర్మామీటరు. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర అద్దం. అద్దం మీద ఆవిరి సరిగ్గా పట్టలేదనిపిస్తే, వాణ్ణి లేపి, నిద్రపోతున్నాడని రూఢి చేసుకునేవాడు. అన్నిటికీ మించి, కంపెనీ రంగుల పట్టిక ఇంటికి తెచ్చి, రోజూ బుడ్డోడి విరేచనం పక్కన పెట్టి పోల్చేవాడు.

"నిన్న 'ఎండుగడ్డి' ఉంది. ఇవాళ 'పాత ఇత్తడి'కి దిగింది. ఏమై ఉంటుందంటావు?"

"ఏ రంగైనా కడగాల్సింది మనమే. జరుగు" అనేది భార్య.

పిల్లాడికి ఏడాదిన్నర వచ్చేదాకా ఇద్దరూ సెలవులు సర్దుకుంటూ వంతులవారీగా ఇంట్లో ఉన్నారు. మేనల్లుడి వంతు రోజుల్లో మావయ్య పోరు పడలేక అప్పుడప్పుడు బుడ్డోణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళేవారు. మావయ్య చంకలో బుడ్డోడు, వెనకే మేనల్లుడి చేతిలో గొడుగు, టోపీ, ఇంకో టోపీ. ఓడ కూత పెడితే మావయ్య "బూ" అనేవాడు. బుడ్డోడు మాత్రం కిక్కురుమనకుండా మావయ్య నోట్లోకి గుడ్లప్పగించి చూసేవాడు.

"భయపడుతున్నాడు మావయ్యా, ఆపు!"

"భయం కాదురా. పాఠం వింటున్నాడు."

సెలవులు అయిపోయాయి. బుడ్డోణ్ణి రేవు రోడ్డు దగ్గర ఓ పాత పెంకుటింట్లో నడిచే క్రెష్‌లో చేర్చారు. చేర్చేటప్పుడు ఫొటో కావాలన్నారు. మావయ్య తీసిచ్చాడు. అందులో ఓ గుండ్రటి బుర్ర, దాని కింద రెండు చెవులు, మెడ మీద పుట్టుమచ్చ. క్రెష్ నడిపే ఆంటీ దాన్ని చూసి పడీపడీ నవ్వి, "బాగుందండీ, తప్పిపోతే ఆ పుట్టుమచ్చతో ఇట్టే దొరుకుతాడు" అంది. మేనల్లుడికి "తప్పిపోతే" అన్నంతవరకే వినిపించింది. ఆ రాత్రి అతను నిద్రపోలేదు.

మొదటి రోజు గేటు దగ్గర బుడ్డోడు తండ్రి మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి ఎదురింటి కిటికీ తలుపులు తెరుచుకున్నాయి. ఆంటీ వాణ్ణి ఒలిచినట్టు ఊడదీసి లోపలికి తీసుకెళ్ళింది. మేనల్లుడు వెనక్కి చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి బుడ్డోడి గొంతు బొంగురుపోయింది. "నాన్నా" అంటే తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆదివారం ఇంట్లో ఉంటే గొంతు శుభ్రంగా ఉంది. సోమవారం సాయంత్రానికి మళ్ళీ గొళ్ళెం.

"పొద్దున్న మామూలు గొంతు, సాయంత్రం బొంగురు. మధ్యలో జరిగింది ఏడుపు కాక మరేమిటి? రోజల్లా ఏడుస్తున్నాడు వాడు" అని తేల్చేశాడు మేనల్లుడు.

"గేటు వేశాక ఏడవడంలేదని ఆంటీ చెప్తోంది కదా" అంది భార్య.

"చెప్పక ఏం చేస్తుంది? మా రంగు పెచ్చులూడుతుందని మేం డబ్బా మీద రాస్తామా?"

నిజానికి ఆంటీ ఇంకేదో కూడా చెప్పబోయింది. "మీవాడి గొంతు మామూలు గొంతు కాదండీ, రోడ్డు చివరిదాకా వినిపిస్తుంది..." అని మొదలుపెట్టింది ఓ సాయంత్రం. అంతవరకు విని మేనల్లుడు కళ్ళు తుడుచుకుంటూ పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చేశాడు. తరవాతి వాక్యం వినే ధైర్యం అతనికి లేదు.

మావయ్య కూడా ఒకటి రెండుసార్లు "వాడు బాగానే ఉంటున్నాడురా" అని చూశాడు.

"నీకేం తెలుసు మావయ్యా? రోజంతా గోడ మీద ఓడల ముడ్లు చూసుకుంటూ కూర్చుంటావు!"

మావయ్య మిషను మీద ఉన్న కెమెరా తీసి, అద్దం తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్న అందరికంటే ముందే సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎక్కడికి బాబాయిగారూ ఇంత పొద్దున్నే అని మేనల్లుడి భార్య అడిగితే, "ఎప్పుడూ ఉండే పనేనమ్మా. వెళ్ళేవాళ్ళ వీపులు తియ్యడానికి" అన్నాడు.

శనివారం సాయంత్రానికి బుడ్డోడి గొంతు పూర్తిగా మూతపడింది. పిల్లల డాక్టరు ఊళ్ళో లేడు. పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగెడుతున్న మేనల్లుడికి ఎదురుగా బోర్డు మీద "డాక్టరు" అన్న మాట ఒక్కటే కనిపించింది. తిన్నగా లోపలికెళ్ళి, పళ్ళ డాక్టరు కుర్చీలో బుడ్డోణ్ణి కూర్చోబెట్టాడు.

"నేను పళ్ళ డాక్టరునండీ బాబూ."

"నోరు తెరిస్తే గొంతు కూడా కనిపిస్తుంది కదండీ. ఎలాగూ అటే చూస్తారు."

పళ్ళ డాక్టరు చిన్న లైటు వేసి చూశాడు. బుడ్డోడు ఆయన వేలు కొరికాడు. "పళ్ళు గట్టివే" అన్నాడాయన వేలు ఊదుకుంటూ. "గొంతు కొద్దిగా ఎర్రబడింది. జబ్బేం లేదు. బాగా వాడినట్టున్నాడంతే."

వాడాడు! అంటే ఏడ్చాడు. సాక్ష్యం చెప్పడానికి ఇప్పుడు డాక్టరు కూడా దొరికాడని తేల్చుకున్నాడు మేనల్లుడు.

"అది సరేగానీ, మావయ్యగారికి ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"మావయ్యకేం? నిక్షేపంగా ఉన్నాడు. రోజూ మీ దగ్గరికే వస్తున్నాడుగా?"

"నా దగ్గరికా? రెండు వారాలుగా మనిషి గోడ మీద పత్తా లేడండీ! మొన్న కార్ల ఓడ వచ్చింది. అంటే తెలుసుగా, కార్లు లోపలికి నడిపించుకుని వెళ్ళే ఓడ. దానికి వెనకే గుమ్మం! వెనకభాగం అంతా ఒకటే తలుపు! అది ఈ రేవుకి ఎప్పుడొస్తుందా అని ఆయన కొన్నేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. అలాంటిది వచ్చింది, పోయింది. ఆయన రాలేదు. ఆ ఓడ వెళ్తుంటే జవాబు కూత పెట్టే దిక్కు లేదండీ. నేనే సిగ్గు విడిచి చిన్నగా బూ అన్నాను."

మేనల్లుడికి ఇప్పుడు దిగుళ్ళు రెండయ్యాయి. రోజూ కెమెరా పట్టుకుని బయటికి పోయే ముసలాయన గోడ దగ్గరికి వెళ్ళకపోతే ఎక్కడికి వెళ్తున్నట్టు? దారి తప్పుతున్నాడా? మతిమరుపా? ఆదివారమంతా అతను మావయ్య వెనకే తిరుగుతూ, ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల, నా పేరేమిటి అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి మావయ్య విసుక్కుని "నీ పేరు వెర్రివెధవ. ఇంకేమైనా కావాలా?" అన్నాడు.

ఆ సాయంత్రం మేనల్లుడు భార్యతో చెప్పేశాడు. "రేపు ఉద్యోగం మానేస్తున్నానని మేనేజరుతో చెప్పేస్తాను. వాణ్ణి నేనే చూసుకుంటాను. మావయ్యని కూడా."

భార్య బట్టలు మడతపెట్టడం ఆపింది. "వాడితో ఇంట్లో ఉండాలని నీకుంటే సంతోషంగా ఉండు. నాకేం అభ్యంతరం లేదు. కానీ నీ పలకల్ని వదిలేసి నువ్వెంత ఏడుస్తావో నాకు తెలుసు. వాడు ఏడుస్తున్నాడన్న అనుమానంతో మాత్రం మానకు. ఒక్కసారి చెప్పకుండా వెళ్ళి చూసిరా."

"చూస్తే తట్టుకోలేను."

"నీళ్ళ కింద బండ ఉందేమోనని ఎవరైనా భయపడితే, కొలిచి చూడమని చెప్తాం. ఓడ అమ్ముకోమని చెప్పం" అంది భార్య, అదే ప్రశాంతమైన గొంతుతో.

సోమవారం పొద్దున్న గేటు దగ్గర యథాప్రకారం ఏడుపు. మేనల్లుడు యథాప్రకారం వెనక్కి చూడకుండా పరుగు. మేనేజరుతో ఎలా మొదలుపెట్టాలా అని గొణుక్కుంటూ బస్ స్టాపు దాకా వెళ్ళాడు. అక్కడ ఓ పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసి నవ్వు ఆపుకుంటోంది. ఎందుకా అని చూసుకుంటే, భుజానికి ఏనుగు బొమ్మ సంచీ వేలాడుతోంది. అందులో పాలసీసా, పొడి లాగులు. అంటే తన భోజనం డబ్బా, ల్యాబు తాళాలూ ఉన్న సంచీ బుడ్డోడితో పాటు క్రెష్‌కి వెళ్ళిపోయిందన్నమాట.

కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి బయల్దేరాడు. మలుపు దగ్గరికి రాగానే రేవు వైపు నుంచి ఓ ఓడ పొడుగ్గా కూసింది. అతను అడుగు ఆపాడు. ఎందుకంటే, ఆ కూత ఆగీ ఆగగానే, పెంకుటింటి పెరట్లోంచి ఇంకో కూత లేచింది. "బూ......" సన్నగా మొదలై, బొంగురుగా మారి, ఊపిరున్నంతసేపూ సాగింది. దాని వెనకే ఇంకో నాలుగైదు పిల్లగొంతులు "బూ" "బూ" అంటూ తోడయ్యాయి. ఆ తరవాత కేరింతలు.

మేనల్లుడు పెరటి కంచె దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ అప్పటికే ఓ మనిషి బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు. కంచె సందులో కెమెరా. పక్కన వేరుశనగ పొట్టు.

"మావయ్యా!"

"ష్! కదలకు. వాడు తిరిగి నిన్ను చూశాడంటే ఫొటో పాడవుతుంది. వాడి ఏడుపుకి ఈ ఇల్లూ పాడవుతుంది."

మేనల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని కంచెలోంచి చూశాడు. ఇసక కుప్ప మీద బుడ్డోడి వీపు. రెండు చేతులూ నోటి చుట్టూ ఉన్నాయి. లాగు సగం జారింది. మెడ మీద పుట్టుమచ్చ ఎర్రగా మెరుస్తోంది. ఊపిరి పీల్చుకుని, వెళ్ళిపోయిన ఓడకి వాడు ఇంకోసారి జవాబిచ్చాడు.

"గొంతు బొంగురు..." అన్నాడు మేనల్లుడు. అతని గొంతే బొంగురుగా ఉంది.

"మరి? ఇక్కడికి ప్రతి ఓడ కూతా వినిపిస్తుంది. ఎన్ని ఓడలు వెళ్తే వీడికి అంత డ్యూటీ. శనివారం రద్దీ ఎక్కువ, పాపం. మంచినీళ్ళు కూడా తాగలేదు."

"ఏడుపు?"

మావయ్య కెమెరా తెర అతని వైపు తిప్పి బొత్తాం నొక్కడం మొదలుపెట్టాడు. మొదటి ఫొటోలో ఓ మగమనిషి వీపు. చొక్కా ఓ పక్క బయటికి వచ్చేసింది. భుజాలు చెవుల దాకా లేచాయి. ఓ చెయ్యి ముక్కు తుడుచుకుంటోంది. రెండో ఫొటోలో బుడ్డోడి వీపు, ఇసకలో గరిటెతో తవ్వుతూ. మళ్ళీ మగమనిషి, మళ్ళీ బుడ్డోడు. ఒక రోజు మగమనిషి వీధిదీపం స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు. అదే రోజు బుడ్డోడు ఇంకో పిల్ల టోపీ లాక్కుని పరుగెడుతున్నాడు.

"నువ్వు మలుపు తిరిగేలోపు వాడు ఆపేస్తాడురా. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆంటీని అడిగే కూర్చున్నాను. సైంటిస్టువి కదా, ఉత్తి మాట చెప్తే నమ్మవు. ఇప్పుడు చెప్పు. ఈ ఇద్దరిలో ఏడుస్తున్నదెవరు?"

"స్తంభం సంగతి ఇంట్లో చెప్పకు" అన్నాడు మేనల్లుడు.

"ఆ ఒక్కటీ పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. మీ పెళ్ళిఫొటో పక్కన పెడదామని."

"మావయ్యా! కార్ల ఓడ వచ్చి వెళ్ళిపోయిందట కదా. డాక్టరుగారు చెప్పారు. దాని కోసం నువ్వు ఇన్నాళ్ళు..."

మావయ్య ఓ శనక్కాయ చిదిమి పప్పు నోట్లో వేసుకున్నాడు. "మళ్ళీ వస్తుందిలేరా. దానికి రావడం పోవడం తప్ప వేరే పనేముంది? అయినా, గుమ్మం ఉన్న ఓడ రేపు ఇంకోటి దొరుకుతుంది. ఇలా లాగు జారిన ఓడ ఎక్కడ దొరుకుతుంది నాకు?"

మేనల్లుడు తన సంచీ ఆంటీ దగ్గర మార్చుకుని ఆఫీసుకి వెళ్ళాడు. మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆలస్యమైనందుకు క్షమించమని మాత్రం చెప్పి వచ్చాడు. మేనేజరు గోడకి ఆనుకునే విన్నాడు. సాయంత్రం భార్య జరిగిందంతా విని, రేవు వదిలిన ఓడల లెక్క చెప్పింది. ఓడలు ఎక్కువ వెళ్ళిన రోజు గొంతు ఎక్కువ బొంగురు. మేనల్లుడు దానికి గ్రాఫు గీసి, గీత తిన్నగా వచ్చిందని మురిసిపోయాడు. "అదా సంగతి! ఓడల్ని రేవు దాటించే పైలట్లు రోజూ అడుగుతున్నారు, ఊళ్ళోంచి జవాబిస్తున్న ఆ ఓడ ఏదని" అంది భార్య. ఎంత నిజమో, ఎంత వేళాకోళమో ఆ గొంతుని బట్టి చెప్పడం కష్టం.

ఆ వారం చివర మావయ్య తిరిగి గోడ ఎక్కాడు. పళ్ళ డాక్టరు అటూ ఇటూ చూసి, జేబులోంచి ఓ ఫొటో తీసి ఆయన చేతిలో పెట్టాడు. కార్ల ఓడ. వెనక నుంచి. గుమ్మంతో సహా.

"జీవితంలో మొదటిసారి వెనక నుంచి తీశాను మావయ్యగారూ. దయచేసి ఎవరికీ చెప్పకండి."

మావయ్య దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "కాస్త ఎడమకి ఒరిగింది" అన్నాడు. తరవాత దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, శనక్కాయల పొట్లం మొత్తం డాక్టరు ఒళ్ళో ఒంపేశాడు.

సోమవారం పొద్దున్న గేటు దగ్గర బుడ్డోడు అలవాటు తప్పకుండా ఏడ్చాడు. మేనల్లుడు వాణ్ణి ఆంటీకి అందించి, వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. ఈసారి పరుగు లేదు. స్తంభం దగ్గర ఆగలేదు. వెనక తనని ఒకరు చూస్తుంటారని తెలిస్తే భుజాలు వాటంతటవే దిగుతాయి కాబోలు.

మలుపు తిరగబోతుంటే, గోడకి వెళ్ళేముందు కంచె దగ్గర ఆగిన మావయ్య కేక వినిపించింది.

"ఒరేయ్, చొక్కా లోపలికి దోపుకో! ఫొటోలో పడుతోంది!"

మేనల్లుడు చొక్కా దోపుకున్నాడు. గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, నడిరోడ్డు మీద, బస్ స్టాపు పెద్దావిడ చూస్తుండగా, పొడుగ్గా ఓ కూత పెట్టాడు.

పెరట్లో ఏడుపు టక్కున ఆగింది. ఆ తరవాత ఒకటి సన్నగా, ఒకటి ముసలిగా, రెండు కూతలు కలిసి అతన్ని ఆఫీసుకి సాగనంపాయి.